అక్టోబరు 23: టాడ్ స్కిన్నర్‌ని మేం తలుచుకునే తీరు (నా అనుభవం)

అక్టోబరు 23న మా క్లైంబింగ్ బృందంలో ఎవరూ కొండెక్కరు. సాయంత్రం పనులయ్యాక అందరం విజయనగరం కంటోన్మెంట్‌లో ఉన్న, మాకు క్లైంబింగ్ నేర్పే మాష్టారి డాబా మీద చేరి, ఎవరి హార్నెస్ (నడుముకీ తొడలకీ కట్టుకునే పట్టీలు), తాడు, స్లింగులు (గట్టి పట్టీతో చేసిన ఉచ్చులు), కారబీనర్లు (తెరిచి మూసే లోహపు కొక్కేలు) వాళ్ళు తెచ్చి చాప మీద పరుస్తాం. ఎవరి సామాను వాళ్ళు చూసుకోకూడదు, పక్కవాళ్ళది చూడాలి. పనికిరాదనుకున్నది అక్కడికక్కడే కత్తిరించేయాలి. అదంతా అయ్యాకే టాడ్ స్కిన్నర్ అనే అమెరికన్ క్లైంబర్ గురించి మాట్లాడుకోవడం, తినడం. 2006లో ఇదే తేదీన అమెరికాలోని యోసెమిటీలో ఆయన పడిపోయి చనిపోయారు. మాలో ఎవరూ ఆయన్ని చూడలేదు, కొందరైతే అప్పటికి బడిలో కూడా చేరలేదు. అయినా ఏటా చేస్తాం. ఈసారి సామాను రిజిస్టరు నా చేతికిచ్చారు. అంటే ఏది ఉండాలి, ఏది పోవాలి అన్న ఆఖరి మాట నాదే.

ముందు ఆయన గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర ఎవరెస్టు ఎక్కినవాళ్ళ పేర్లు తెలుస్తాయి గానీ రాతి గోడలు ఎక్కినవాళ్ళ పేర్లు పెద్దగా వినపడవు. స్కిన్నర్‌ది వయోమింగ్ రాష్ట్రం. 1988లో ఆయన, పాల్ పియానా కలిసి యోసెమిటీలో ఎల్ కాపిటాన్ అనే దాదాపు 3000 అడుగుల గ్రానైట్ గోడని సలాతే వాల్ అనే దారిలో ఫ్రీగా ఎక్కారు. ఫ్రీ అంటే తాడు లేకుండా అని చాలామంది అనుకుంటారు, అది కాదు. తాడు ఉంటుంది, పడితే ఆపడానికి మాత్రమే ఉంటుంది. పైకి వెళ్ళడానికి మాత్రం వేళ్ళూ, పాదాలే. అదే దారిని 1961లో రాయల్ రాబిన్స్, టామ్ ఫ్రాస్ట్, చక్ ప్రాట్ మొదటిసారి ఎక్కినప్పుడు చాలాచోట్ల రాతి పగుళ్ళలో మేకులు దిగ్గొట్టి, వాటికి వేలాడుతూ వెళ్ళారు, అప్పటికి అదే గొప్ప. స్కిన్నర్, పియానా ఆ మేకుల్ని పట్టుకోకుండా, బరువు వాటి మీద వేయకుండా వెళ్ళారు. తీరా పైకి చేరాక తాళ్ళు కట్టిన బండే కదిలి ఇద్దరి మీదికీ వచ్చింది. పియానా కాలు విరిగింది, స్కిన్నర్‌కీ గట్టి దెబ్బలే తగిలాయి. ఇద్దరూ అక్కడే పోవాల్సింది, బతికి బయటపడ్డారు. తర్వాత 1995లో కారకోరంలోని ట్రాంగో టవర్, 6,239 మీటర్ల ఎత్తున్న రాతి స్తంభం, దాన్ని కూడా ఫ్రీగా ఎక్కారు. గోడ మీదే 60 రోజులు. ఆ ఎత్తులో, ఆ చలిలో వట్టి వేళ్ళతో రాయిని పట్టుకుని, మంచు కురిస్తే గోడకి కట్టుకున్న గుడారంలో ముడుచుకుని కూర్చుని, తెరిపిచ్చాక మళ్ళీ మొదలెట్టడం. నేను మొదటిసారి ఆ సంగతి విన్నప్పుడు భువనగిరిలో ట్రైనింగ్‌కి వెళ్ళి వచ్చి ఉన్నాను, మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కకముందు శిక్షణ తీసుకున్న భువనగిరి కొండ అది, ఆ ఎండలో ఓ గంట రాయి మీద ఉంటేనే నా వేలి కొసలు మండిపోయాయి. 60 రోజులంటే ఏమిటో ఆ వేళ్ళకి అర్థమైంది.

ఆయన్ని ఒప్పుకోనివాళ్ళూ ఉండేవారు. అప్పట్లో యోసెమిటీలో పాతకాపుల పద్ధతి ఒకటుండేది, ఎక్కుతూ పడితే కిందికి దిగి మళ్ళీ మొదట్నుంచీ ఎక్కాలి. స్కిన్నర్ తరం వాళ్ళు పడిన చోటే తాడుకి వేలాడి, ఆ కష్టమైన పట్టుని పదేపదే ప్రయత్నించి నేర్చుకుని, తర్వాత మొత్తం ఒక్క ఊపులో ఎక్కేవారు. దీన్ని మోసమనే అన్నారు. జాన్ బాకర్ లాంటి మహామహులు గట్టిగా వ్యతిరేకించారు. బాకర్ తాడే లేకుండా ఒంటరిగా ఎక్కడంలో పేరుమోసినవాడు, 2009 జులైలో కాలిఫోర్నియాలోని మామత్ లేక్స్ దగ్గర అలా ఒంటరిగా ఎక్కుతూనే పడిపోయి చనిపోయాడు. మా డాబా మీద ఈ వాదన ప్రతి ఏడాదీ వస్తుంది. నేను స్కిన్నర్ పక్షం. రానిదాన్ని అక్కడే వేలాడి నేర్చుకోవడం తప్పెలా అవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కానీ బాకర్ పేరు కూడా మేం గౌరవంగానే తలుచుకుంటాం, మాష్టారు అసలు ఆయన పేరెత్తకుండా ఆ రోజు ముగించరు.

ఇక 2006. యోసెమిటీలోనే లీనింగ్ టవర్ అని ఒక గోడ ఉంది, నిటారుగా కూడా కాదు, పైకి పోయేకొద్దీ బయటికి వంగి ఉంటుంది. దాని మీద ఒక దారిని ఫ్రీగా ఎక్కాలని స్కిన్నర్ ఒక తోటి క్లైంబర్‌తో కలిసి పనిచేస్తున్నాడు. ఆ రోజు పని అయిపోయింది, తాడు మీద దిగుతున్నారు. హార్నెస్ ముందు భాగంలో నిలువుగా ఒక బలమైన లూప్ ఉంటుంది, బిలే లూప్ అంటాం, దిగేటప్పుడు మనిషి బరువంతా దాని మీదే. అది తెగిపోయింది. సుమారు 500 అడుగుల కిందికి పడిపోయాడు. ఆ లూప్ అరిగిందని అంతకుముందే మాట వచ్చింది, కొత్త హార్నెస్ ఆర్డర్ కూడా పెట్టి ఉన్నాడు, అది దారిలో ఉంది. తర్వాత వెతికితే దొరికిన లూప్ తెగిన చోట బాగా అరిగిపోయి ఉంది. ఇంకో అయిదు రోజులుంటే ఆయనకి 48 ఏళ్ళు నిండేవి. భార్య, ముగ్గురు పిల్లలు.

ఇలాంటి వార్త విన్నప్పుడు "ఇష్టమైన పని చేస్తూ పోయాడులే" అంటారు. ఆ మాట నాకు నచ్చదు. ఆయన దిగుతున్నాడు, రాత్రికి అన్నం తిని పడుకోవాలనుకుంటున్న మనిషి, మర్నాడు మళ్ళీ ఎక్కాలనుకుంటున్న మనిషి. అందుకే మేం ఆ రోజున దండలూ, ఫ్లెక్సీలూ పెట్టుకోకుండా లూపులు చూసుకుంటాం. మొదట్లో ఒకరిద్దరు కుర్రాళ్ళు ఫోటో పెడదాం, దీపం పెడదాం అన్నారట, మాష్టారు వద్దనలేదు, "ముందు సామాను చూడండి, తర్వాత మీ ఇష్టం" అన్నారట. సామాను చూసేసరికే రాత్రి అయిపోయింది, ఇక ఫోటో సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆ రోజు పొద్దున్న అమ్మ పులిహోర కలుపుతూ అడిగింది. సిరిమాను పండగ అయ్యి ఎన్నాళ్ళో కాలేదు, ఇంట్లో ఇంకా చుట్టాలున్నారు. "ఎవులికిరా ఇంత పులిహోర?" అంది. చెప్పాను, ఫలానా ఆయన, పై దేశం, కొండ దిగుతూంటే బెల్టు తెగి పోయాడని. "పిల్లలున్నారేటి?" అంది. ముగ్గురన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మరి నీ బెల్టు ఎవులు సూత్తారు?" అంది. మాలో ఇంకొకరు చూస్తారని చెప్పాను. "బాగా సూడమను" అని గిన్నె మూత పెట్టి చేతికిచ్చింది. మా ఊరి వాళ్ళకి ఎత్తున కట్టిన మనిషి అంటే కొత్త కాదు. పైడితల్లి అమ్మవారి పండగలో ఏటా పూజారిగారు సిరిమాను అనే పొడవాటి మాను చివర కూర్చుని కోటదాకా ఊరేగుతారు, కింద నిలబడి చూసే లక్షలమంది కళ్ళూ ఆయన మీదే ఉంటాయి. అందుకేనేమో అమ్మకి నేను ఎక్కువ చెప్పక్కర్లేకపోయింది.

డాబా మీద పని ఇలా ఉంటుంది. ముందు తాళ్ళు. తాడుని ఒక చివర నుంచి రెండో చివరదాకా రెండు చేతుల మధ్య నుంచి మెల్లగా లాగుతూ పోవాలి, కళ్ళకన్నా వేళ్ళే బాగా చెప్తాయి. లోపల మెత్తబడ్డ చోటు ఉంటే తాడు అక్కడ చదునుగా నొక్కుకుంటుంది, మడిస్తే గుండ్రంగా తిరగకుండా టక్కున విరిగినట్టు వంగుతుంది. పైతొడుగు జారుతోందా, ఎక్కడైనా కరిగి నున్నగా మెరుస్తోందా చూడాలి. మా ప్రాంతపు కొండల్లో ఖోండలైట్ రాయి ఎక్కువ, కోందు గిరిజనుల పేరు మీద పెట్టిన పేరు అది, చాలాచోట్ల వాతావరణానికి నాని పొరలుగా, గరుకుగా ఉంటుంది. ఆ అంచుల మీద తాడు రాసుకుంటే గ్రానైట్ మీదకన్నా తొందరగా నూగు లేస్తుంది. అందుకని మేం బండ అంచున పాత గోనెసంచి మడిచి వేస్తాం, ఒక్కోసారి అది జరిగిపోతుంది కూడా.

ఈసారి ఒక తమ్ముడి తాడు చూడ్డానికి కొత్తదానిలా ఉంది. ఎక్కడ పెడతావని అడిగితే ఇన్వర్టర్ ఉన్న గదిలో, బ్యాటరీ పక్క అరలో అన్నాడు. నైలాన్‌కి బ్యాటరీ యాసిడ్ అంటే విషమే, ఆవిరి తగిలినా, చుక్క పడినా బయటికి ఏమీ కనిపించకుండానే బలం పోవచ్చు. వేళ్ళకి ఏ తేడా తగల్లేదు, అయినా పక్కన పెట్టమన్నాను. పాపం డబ్బులు కూడబెట్టుకుని కొనుక్కున్న తాడు, మొహం చిన్నబోయింది. మాష్టారు నా వైపు చూసి తల ఊపారు. మన ఇళ్ళల్లో ఇన్వర్టరూ, పాత బ్యాటరీలూ ఉండే చోటే స్టోర్‌రూమ్ కూడా కాబట్టి, ఇది చదివేవాళ్ళలో ఎవరైనా క్లైంబింగ్ సామాను కొనుక్కుంటే దయచేసి ఆ గదిలో మాత్రం పెట్టకండి.

కారబీనర్లు తొందరగానే అయిపోయాయి. గేటు వదిలితే టక్కుమని మూసుకోవాలి, తాడు ఆనే చోట గాడి పడకూడదు, అంతే. భీమిలి వైపు సముద్రం దగ్గర వాడినవాటికి స్ప్రింగుల్లో ఉప్పు పట్టి బిగుసుకుపోతాయి, అవి మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టాం. స్లింగుల్లో రెండు పోయాయి, ఒకటి ఎండకి రంగు వెలిసి గరగరలాడుతోంది, ఇంకొకటి ఎవరో ముడి వేసి ముడితోనే ఏడాదంతా వాడేశారు.

హార్నెస్‌లు ఆఖరున. ట్యాగ్ మీద తయారైన సంవత్సరం చూడాలి. వాడినా వాడకపోయినా పదేళ్ళు దాటితే పక్కన పెట్టమని చాలా కంపెనీలు చెప్తాయి, బాగా వాడితే ఇంకా ముందే. తర్వాత నడుము పట్టీ, కాళ్ళ పట్టీలు, బకిళ్ళు, తాడు ముడి వేసుకునే రెండు చోట్లు, చివరికి బిలే లూప్. కొత్త లూప్ యూరప్ ప్రమాణాల ప్రకారం 15 కిలోన్యూటన్లకి, అంటే సుమారు ఒకటిన్నర టన్ను బరువుకి తట్టుకోవాలి. మరి అలాంటిది మనిషి బరువుకి ఎలా తెగింది అని కొత్తగా వచ్చినవాళ్ళందరూ అడుగుతారు. లూప్ తిరుగుతూ ఉంటే అరుగుదల అంతటా పంచుకుంటుంది. దానికి స్లింగ్ ముడి వేసి అలాగే నెలల తరబడి వదిలేస్తే, ముడి పడ్డ చోటే రోజూ రాపిడి, మిగతాదంతా బాగానే కనిపిస్తుంది. పైగా ఆ అరిగిన చోటుని ముడే కప్పేస్తుంది. అందుకని ముందు ముడులన్నీ విప్పించి, లూప్‌ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని గుండ్రంగా తిప్పుతూ, మధ్యమధ్యలో మడిచి అంచులు చూస్తాం.

మాష్టారి హార్నెస్ నా చాప మీదికి వచ్చింది. నాకు ఎనిమిది అంకె ముడి వేయడం నేర్పింది ఆయనే, నేను మొదటిసారి వెనక్కి వాలి దిగినప్పుడు కాళ్ళు వణుకుతుంటే కింద నుంచి "పాదాలు వెడల్పుగా పెట్టు నాయినా, రాయిని చూడు, నన్ను చూడకు" అని అరిచింది ఆయనే. ఆ హార్నెస్ ఆయన ఒంటి మీద తప్ప ఇంకెక్కడా చూడలేదు నేను. నీలం రంగు వెలిసి బూడిద రంగులోకి వచ్చింది. ట్యాగ్ మీద అంకెలు చెరిగిపోయాయి, అదొక్కటే చాలు నిజానికి. లూప్‌కి ఎప్పుడూ ఉండే స్లింగ్ విప్పి, తిప్పడం మొదలుపెట్టాను. సగం దాకా నున్నగా వచ్చింది. ముడి ఉండే చోటికి వచ్చేసరికి వేలికి నూగు తగిలింది. మడిచి చూస్తే ఒక అంచున కుట్టు దారాలు లేచిపోయి, పట్టీ పక్కదానికన్నా పల్చగా ఉంది. వెడల్పు కూడా కొంచెం తగ్గింది. టార్చి వేసి మళ్ళీ చూశాను. గుండె దడదడలాడింది, నిజం చెప్తున్నాను, మొన్న ఆదివారమే ఆయన దాని మీద నాలుగంతస్తుల ఎత్తు నుంచి దిగారు.

"మాష్టారూ, ఇది తీసేయాలండీ" అన్నాను. అందరూ చూపు ఇటు తిప్పారు. ఆయన వచ్చి నా పక్కన గొంతుక్కూర్చుని, కళ్ళద్దాలు తీసేసి, లూప్‌ని తన వేళ్ళతో తిప్పుకుంటూ వచ్చి సరిగ్గా అదే చోట ఆగారు. కాసేపు అక్కడే వేలు ఉంచారు. "అవును, పోయింది ఇది" అన్నారు. తర్వాత లేస్తూ, అలవాటుగా, "సరే, కొత్తదానికి ఆర్డర్ పెడతాను, అది వచ్చేదాకా..." అన్నారు.

ఆ మాట అక్కడే ఆగిపోయింది. ఎవరూ పూర్తి చేయలేదు, చేయాల్సిన అవసరం లేదు. ఆ డాబా మీద ఉన్న ప్రతి ఒక్కరికీ ఆ వాక్యం ఎవరిదో తెలుసు. ఇన్నేళ్ళుగా ఆ కథ మాకు చెప్పిన మనిషి నోటి నుంచే వచ్చింది. ఆయన కళ్ళు చెమర్చాయి. "కత్తెర ఇలా తే" అన్నారు.

మామూలు కత్తెరకి బిలే లూప్ తెగదు. టైలర్ దగ్గర నుంచి తెచ్చిన పెద్ద కత్తెర ఉంది, దానికీ ఒక్కసారికి తెగదు, పొరలు పొరలుగా కుట్టి ఉంటుంది. ఆయన కత్తిరిస్తుంటే లూప్ రెండో వైపు నేను లాగి పట్టుకున్నాను. బాగున్న వైపు కత్తిరించడానికి బాగా బలం పెట్టాల్సి వచ్చింది, లోపలి పొరలు ఇంకా మొదటి రోజు నీలం రంగులోనే మెరుస్తున్నాయి. అరిగిన వైపు కత్తెర పడగానే దిగిపోయింది. ఆ తేడా అక్కడున్న అందరి చేతికీ ఇచ్చి చూపించాం, కొత్త పిల్లలకి ముఖ్యంగా. తర్వాత నడుము పట్టీ, కాళ్ళ పట్టీలు కూడా ముక్కలు చేశాం. ఊరికే చెత్తలో పారేస్తే పెయింటింగ్ పనివాళ్ళో, తాటిచెట్లు ఎక్కేవాళ్ళో బాగుందనుకుని తీసుకెళ్ళి కట్టుకుంటారు. మనం భయపడి వదిలేసినదాని మీద ఇంకొకరు ప్రాణం పెట్టకూడదు. రిజిస్టరులో ఆయన పేరు ఎదురుగా "తొలగించాం" అని రాశాను, కింద ఆయనే సంతకం పెట్టారు.

తర్వాత పులిహోర తిన్నాం, మాటలు మొదలయ్యాయి. ఒకరు ట్రాంగో గురించి, ఒకరు ఎల్ కాపిటాన్ పైన కదిలిన బండ గురించి. మాష్టారు మాత్రం ప్రతి ఏడాదిలాగే మన కోరుకొండ సైనిక్ స్కూల్ దగ్గరికి వచ్చారు. ఆ స్కూల్లో చదివిన లెఫ్టినెంట్ ఎం. ఉదయభాస్కరరావు 1985లో ఎవరెస్టు ప్రయత్నంలో చనిపోయారు. తర్వాత అదే స్కూల్లో చదివిన ఒక నెల్లూరు జిల్లా కుర్రాడు ఆ సీనియర్ కథ విని కొండల మీద మనసు పెంచుకున్నాడు, ఆయనే మల్లి మస్తాన్ బాబు. 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలూ 172 రోజుల్లో ఎక్కేశాడు. స్కిన్నర్ పోయిన ఏడాది కూడా అదే. 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా వెళ్ళి తప్పిపోతే, ఏప్రిల్‌లో ఆయన దేహం దొరికింది. ఆ పదిరోజులూ ఇక్కడ ఎలా ఎదురుచూశారో మాష్టారు చెప్తుంటే, అప్పుడు ఇంకా క్లైంబింగ్ అంటే ఏమిటో తెలియని నాకు కూడా ఆ రోజుల్లో టీవీ ముందు మా నాన్న కూర్చుని ఉండటం గుర్తొచ్చింది. ఎవరో పోయాక ఆయన్ని తలుచుకునే పిల్లాడొకడు పుట్టుకొస్తాడనీ, వాడు క్షేమంగా ఉండేలా చూసుకోవడం మన పనేననీ మాష్టారు అంటారు. నేను అందులో రెండో సగాన్నే గట్టిగా పట్టుకుంటాను.

కొత్త హార్నెస్ వచ్చేదాకా మాష్టారు ఎక్కలేదు. ఇంకొకరిది ఇస్తామన్నా వద్దన్నారు, కొలత సరిపోదన్నారు. ఆదివారాలు మాతోపాటే నెల్లిమర్ల వైపు వచ్చి, కింద బండ మీద కూర్చుని, పాదం ఎక్కడ పెట్టాలో అరిచి చెప్పేవారు. ఇన్వర్టర్ గదిలో తాడు పోగొట్టుకున్న తమ్ముడికి అందరం తలా కొంత వేసుకుని కొత్త తాడు కొనిచ్చాం, అది ఇప్పుడు వాళ్ళ నాన్నమ్మ బట్టల బీరువాలో పైఅరలో ఉంది.

వచ్చే ఏడాది రిజిస్టరు మా బృందంలో డిగ్రీ చదువుతున్న ఒక చెల్లికి ఇచ్చాం. తీసుకోగానే మొదటి నుంచీ తిరగేసి, ఇందులో హెల్మెట్లకి పేజీయే లేదేమిటన్నయ్యా అని అడిగింది. నిజమే, లేదు. స్కేలు తెచ్చుకుని అక్కడే కూర్చుని గీతలు గీసింది.